పన్నెండు గినీల సాయంత్రం

పాత దుప్పటి చుట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని
జ్వరమొచ్చిన పిల్లని తెచ్చినట్టు తెచ్చింది ఫ్రేనీ బాయి.
సికింద్రాబాద్ నుంచి బర్కత్‌పురా దాకా
ప్రతి స్పీడ్‌బ్రేకర్‌కీ డ్రైవర్‌ని తిట్టిందట.
"మెల్లగ తుడువ్ బేటా,
మా పప్పా సాయంత్రం ఇది."

ఒక గుట్ట. సున్నం లేకుండా పేర్చిన రాతిగోడ.
మూడు గొర్రెలు,
అందులో ఒకటి గొర్రో రాయో తేలదు.
అంతటా డికాక్షన్ రంగు వెలుతురు.

నేను బొమ్మని ఎప్పుడూ వెనక నుంచి చదువుతాను.
చీటీ మీద: ఎడ్విన్ థర్స్‌బీ, 1953.
పద్దెనిమిది గినీలు, కొట్టేసి, పన్నెండు.
కింద బొంబాయి కస్టమ్స్ వాళ్ళ ఊదారంగు ముద్ర.
ఇంకా, చెక్కకి అతుక్కుపోయిన ఎగ్జిబిషన్ కాగితం,
చెదలు తినగా మిగిలిన జీవితం:
బట్టల మిల్లు గుమాస్తా కొడుకు.
యుద్ధంలో ట్యాంకుల మీద గడ్డి వేశాడు
పైన తిరిగే విమానానికి ఇనుము పొలంలా కనబడాలని.

ఆ పని నాకు తెలుసు.
చిరిగిన చోట నేను వేసే రంగు కూడా
ఎంత బాగా కుదిరితే అంత కనబడదు.
మ్యూజియంలో పదకొండేళ్ళు టెంపరరీగా
అలా కనబడకుండానే పనిచేశాను.

తర్వాత హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారు.
సెలవు రోజుల్లో గుట్టలు.
మీటింగ్ హాలు కోసమని ఒక మునిసిపాలిటీ ఒకటి కొన్నది.
ఆ పైన చెదలు.

మిగతాది ఫ్రేనీ బాయి ఫోన్లో చెప్పింది.
లీడ్స్‌లో తోళ్ళ పని నేర్చుకునే రోజుల్లో
వాళ్ళ పప్పా వానకి ఒక గదిలో దూరాడు.
అక్కడ హీటర్ మీద మేజోళ్ళు ఆరబెట్టుకుంటూ
తన బొమ్మల మధ్య ఒక్కడే కూచుని ఉన్నాడు థర్స్‌బీ.
కొనకుండా బయటికి రావడం మర్యాద కాదనిపించిందట.

క్రిస్మస్‌కొక ఉత్తరం వచ్చేది.
ఇప్పుడంతా గీతలూ చదరాలే,
గుట్టలు వద్దంటున్నారని ఒక ఏడు.
రైల్వే వాళ్ళు తీసుకున్నారు,
పెట్టెల్లో సీట్ల పైన అచ్చేసి పెడతారట,
జనం దాన్ని వీపుకి ఆన్చుకుని
కిటికీలోంచి అసలు గుట్టని చూస్తారని ఇంకో ఏడు.
ఆ తర్వాత ఉత్తరం లేదు.

పుల్లకి దూది చుట్టి మొదలుపెట్టాను.
మొదటి చుట్టుకే టీ రంగు.
పప్పా చుట్టలు, రోజూ సందెవేళ ఇల్లంతా తిప్పిన లోబాన్,
నలభై ఏళ్ళ పొగ.
దాని కింద సాయంత్రం లేదు.
పొద్దున ఉంది, తడిగా, బూడిదనీలంగా.
మౌలాలి రాళ్ళు చూసి పెరిగినదాన్ని,
ఎండ తాగిన రాయి తెలుసు నాకు;
నీళ్ళు తాగిన రాయిని ఇప్పుడే చూశాను.
మూడో గొర్రె రాయే.

బుధవారం వచ్చి చాలాసేపు నిలబడింది.
"ఎవరిది ఇది?" అంది.
తర్వాత స్టూలు లాక్కుని కూచుంది.
"పొద్దున టిఫిన్ చేస్తూ కూడా
దాన్ని చూసి సాయంత్రమైంది ఫ్రేనీ అనేవాడు."

మురికిని తిరిగి ఎలా ఇస్తాను?
తుడిచిన దూదులున్నాయా అని అడిగింది.
హార్లిక్స్ సీసాలో ఉన్నాయి.
మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.
స్పిరిట్ వాసన.

అప్పుడు చూపించాను,
ఎడమ పక్క కింది మూలన రూపాయి బిళ్ళంత
తుడవకుండా వదిలాను.
మా పనిలో అది రివాజు,
ముందు ఎలా ఉండేదో చెప్పడానికి ఒక సాక్షి.
దాని మీద బొటనవేలు ఆనించి ఉంచింది,
కరెంటు పోయి వచ్చేదాకా.

నాలుగు వేలన్నాను.
మూడు వేల ఎనిమిది వందలు లెక్కపెట్టి ఇచ్చి,
సీసా కూడా సంచిలో వేసుకుని,
"అంత ముక్క తుడవలేదు కదా" అంది.